ఆళ్లగడ్డ సబ్‌జైలు దాకా రెండు ప్రయాణాలు

నంద్యాల నుంచి అహోబిలం వెళ్లేవాళ్లు ఆళ్లగడ్డలో బస్సు మారతారు. మధ్యలో గంటో గంటన్నరో ఖాళీ దొరికితే అక్కడ ఏం చూడొచ్చని నన్ను అడుగుతుంటారు. శిల్పులు రాయి చెక్కే వీధి చూడమని చెబుతాను. డెబ్భైల చివర్లో నేను చాగలమర్రి దగ్గర ఒక పల్లెబడిలో పంతులుగా ఉండేవాణ్ణి. వారం వారం ఆళ్లగడ్డ మీదుగానే పోయినా, ఆ ఊళ్లో మొదటిసారి పనిబెట్టుకుని దిగింది మాత్రం అక్కడి సబ్‌జైలు చూడ్డానికి. కుళ్లుబోతుతనంతో వెళ్లాను. దానికి ఇంకో పేరు పెడితే అబద్ధమవుతుంది.

ఆ కుళ్లు ప్రకాశం మీద. నంద్యాలలో మాది ఒకే వీధి, ఒకే చర్చి, ట్రైనింగ్‌లో ఒకే బెంచీ. జైళ్లలో ఖైదీల బాగోగులు చూడ్డానికి ఉద్యోగులు కాని వాళ్లను కూడా ప్రభుత్వం విజిటర్లుగా వేసేది. జీతం లేదు. కానీ విజిటరు లోపలికి వెళ్లొచ్చు, వంట రుచి చూడొచ్చు, ఖైదీల మొర వినొచ్చు, పుస్తకంలో తన మాట రాయొచ్చు. రాసిన దానికి పైవాళ్లు జవాబు చెప్పుకోవాలి. దానికి నేనూ దరఖాస్తు పెట్టాను. లైబ్రరీలో కూర్చుని జైలు నియమాలు నోటుబుక్కులోకి ఎక్కించాను. పాత నేరస్థులను రిజిస్టర్‌లో రాసి కదలికలు కనిపెట్టే చట్టం కూడా చదివాను. ఉత్తర్వు మాత్రం ప్రకాశానికి వచ్చింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆ సంగతి చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక మా ఆవిడ, "ప్రకాశమన్నకు ఆ పని బాగా కుదుర్తాది" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

వారం తిరక్కుండానే వాడే మా ఇంటికొచ్చాడు. "నువ్వూ రాప్పా నాతో. రూల్సన్నీ నీకే తెలుసు. ఆడ ఏం అడగాల్నో గూడా నాకు తెల్దు" అన్నాడు. సరే అన్నాను. వాడు అక్కడ తడబడితే కళ్లారా చూద్దామని.

ఏడున్నర బస్సు ఎక్కాం. టికెట్టు మూడు రూపాయల లోపే. వాడు నాకు కిటికీ పక్క సీటిచ్చాడు, అది కూడా నాకు కంటగింపే అయింది. కండక్టరు "యాడికి సార్, అహోబిలమా?" అని అడిగితే, ఇస్త్రీ చొక్కా సవరించుకుంటూ ప్రకాశం "జైలుకప్పా" అన్నాడు. "జైలుకు పోయేటోళ్లు ఇంత తెల్లగుడ్డలు ఏసుకోరే సార్" అని కండక్టరు టికెట్టు చింపాడు. బస్సంతా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సిరివెళ్ల దాటాక ఎండ ముదిరింది. తొమ్మిదికి ఆళ్లగడ్డలో దిగి, ఉలి చప్పుళ్లు వింటూ పది నిమిషాలు నడిచాం.

జైలు అధికారి ప్రకాశానికి కుర్చీ వేయించాడు. ఉత్తర్వులో నా పేరు లేదు కాబట్టి నన్ను వరండాలో బెంచీ మీదే ఉండమన్నాడు. అక్కణ్ణుంచి లోపలి ఆవరణ కనిపిస్తుంది, మాటలూ వినిపిస్తాయి. వంట చేసే ఖైదీ సంగటి ముద్ద, పప్పు తెచ్చి పెట్టి, "ఉప్పు సరిపాయనా సార్?" అన్నాడు. "మా ఇంట్లో కంటే బాగుందప్పా" అన్నాడు ప్రకాశం. నియమాల ప్రకారం సరుకుల తూకం అడగాలి, నీళ్ల తొట్టి చూడాలి. వాడు అవేవీ చేయలేదు. తెల్లప్యాంటుతోనే నేల మీద చతికిలబడి ఒక్కొక్కరి పేరూ, ఊరూ అడిగాడు. పది మంది ఖైదీలూ వాడి చుట్టూ చేరి మాట్లాడటం మొదలుపెట్టారు. నేనైతే నోటుబుక్కు పట్టుకుని నిలబడేవాణ్ణి, నాతో వాళ్లు అలా మాట్లాడేవాళ్లు కాదు. 

చివర్లో లేచినవాడు సుంకన్న. మా బడి ఉన్న ఊరివాడే, బుట్టలల్లే ఎరుకలాయన. వయసులో ఉన్నప్పుడు మూడుసార్లు జైలుకెళ్లి, ఆ పాత నేరస్థుల చట్టం కింద రిజిస్టర్‌కెక్కాడు. రిజిస్టర్‌లో ఉన్న మనిషి ఊరు దాటాలంటే ముందుగా కబురివ్వాలి, లేకపోతే అదే నేరం. సెలవులకు ముందు నా దగ్గరికొచ్చి, బండి ఆత్మకూరులో కూతురి కాన్పుకు పోతున్నానని చీటీ రాయించుకున్నాడు. దాన్ని ఊరి మునసబుకు ఇస్తుంటే నేనూ పక్కనే ఉన్నాను. "ఇంగ నెలన్నర సార్. గడువు తీరితే పేరు కొట్టేస్తారు. ఆమీట ఎవురికీ చెప్పకుండా నా బిడ్డింటికి పోతా" అని ఆ రోజు సంబరపడ్డాడు.

ఇప్పుడు చెప్పకుండా పోయాడని కేసు, మర్నాడే కోర్టు. చీటీ తీసుకున్న మునసబు జబ్బుచేసి కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ చీటీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కేసు నిలబడితే పేరు రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది.

"చీటీ ఇచ్చినా సార్" అన్నాడు సుంకన్న.

"ఎవరు రాసిచ్చిరి?" అన్నాడు ప్రకాశం.

సుంకన్న వరండా వైపు చూశాడు. నన్ను గుర్తుపట్టాడు. మళ్లీ ప్రకాశం వైపు తిరిగి, "ఒక సారు రాసిచ్చె. ఈడ ఆయప్ప పేరు నేను తెస్తే బాగుండదు. ఆయప్పే చెప్పాల" అన్నాడు.

నేను నోరు మెదపలేదు. భయంతో కాదు. ఆ మాట నేనంటే ప్రకాశం మొదటి రోజే ఒక మనిషిని విడిపించినట్టవుతుంది, వచ్చే ఆదివారం మళ్లీ చప్పట్లు. రేపు నేనొక్కణ్ణే వచ్చి సాక్ష్యమిస్తే ఆ పేరు నాకొస్తుంది. బెంచీ మీద కూర్చుని నేను వేసిన లెక్క అది. ప్రకాశం పుస్తకంలో నాలుగు లైన్లు రాశాడు, చీటీ సంగతి విచారించాలని. తిరుగు బస్సులో, "ఆ సుంకన్న నిజమే చెప్తాండాడు అనిపిస్తాదప్పా. రేపు పదిన్నరకు కోర్టంట. ఆ రాసినోడు యాడుండాడో" అన్నాడు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆరు గంటల బస్సుంది. ఎక్కలేదు. చేత్తో రాసిన కాగితం పట్టుకుపోతే పల్లెబడి పంతులని తేలిగ్గా చూస్తారనిపించింది. తొమ్మిదికి టైపు షాపు తెరిచేదాకా నిలబడి, వాంగ్మూలం టైపు చేయించాను. పేరు పక్కన డిగ్రీ పడలేదని మళ్లీ కొట్టించాను. ఆళ్లగడ్డలో దిగేసరికి పదకొండుంబావు. కోర్టుకు దాదాపు పరిగెత్తాను.

సుంకన్న కోర్టు బయట మెట్ల మీద కూర్చుని గుడ్డల మూట కట్టుకుంటున్నాడు. పక్కన పోలీసు లేడు.

"వదిలేశారా?" అన్నాను.

"ఇడిసిరి సార్. నేరం ఒప్పుకుంటి. పట్టుకపోయి ఇరవై దినాలాయె, ఇంగ యాడ తిరుగుదునని. ఉన్నన్నాళ్లే శిక్ష అనిరి."

"ఒప్పుకున్నావా? మరి రిజిస్టర్?"

"పేరు అట్లే ఉంటాది." నా చేతిలోని కాగితం చూశాడు. "అదేంది సార్?"

నువ్వు చీటీ ఇచ్చావని నా సాక్ష్యం అన్నాను. అతను చదువుకోలేదు. అయినా కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నిన్న ఈడే ఉంటిరి కదా సార్. ఏంటికి చెప్పకపోతిరి?"

నేను కాగితం మడతపెట్టాను. సుంకన్న మూట భుజాన వేసుకుని చాగలమర్రి బస్సు కోసం వెళ్లిపోయాడు. బడి తెరిచాక ఊళ్లో ఎదురుపడితే నమస్కారం పెట్టేవాడు గానీ, చీటీలు వేరేవాళ్ల దగ్గర రాయించుకునేవాడు. అతను ఊరు దాటాల్సిన ప్రతిసారీ ఆ చీటీ తప్పలేదు.

ప్రకాశానికి ఈ సంగతి చాలా ఏళ్లు చెప్పలేదు. చెప్పిన రోజు వాడు తిట్టి ఉంటే బాగుండేది. "నాతో ఒక్క మాట అనింటే నేనే పోయి చెప్పిందును గదప్పా" అన్నాడంతే. వాడి స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు, అందుకే వాడి మంచితనం మీద నాకు ఈ రోజుకీ కుళ్లే. నా నోటుబుక్కులో నియమాలన్నీ ఉన్నాయి. వాడికి ఒక్కటీ రాదు. అయినా ఆ ఉత్తర్వు సరైన మనిషికే వచ్చింది.

నంద్యాల నుంచి ఇప్పుడు బస్సులు బోలెడు, గంట పైన పడుతుంది. కోర్టు పనైతే ఏడుకల్లా ఎక్కండి, పదిన్నరకు పేర్లు పిలవడం మొదలవుతుంది. ఎవరి కోసమైనా సాక్ష్యం చెప్పడానికి వెళ్తుంటే కాగితం టైపు చేయించే పని పెట్టుకోకండి. నోటితో చెప్పినా వాళ్లే రాసుకుంటారు.