స్టెనో ఆంటీ అన్నంతవరకు

మంగళవారం పొద్దున్న స్టెనో ఆంటీ పోయారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. నేను పుట్టకముందునుంచీ ఆ గోడకి అవతల ఆవిడే. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్ళం ఒకరినొకరు ఓదార్చుకోవాలి. మా ఇంట్లో మాత్రం అందరూ నా మీద కోపంగా ఉన్నారు.

నా గుండె రాయైపోయిందని అమ్మ అంటోంది. ఎం.ఏ. చదివింది కదా, చావింట్లో కూడా తప్పులు దిద్దుతోందని అన్నయ్య అంటున్నాడు. నాన్న మాత్రం నేను గదిలోకి వస్తే టీవీ శబ్దం పెంచుతారు. ముగ్గురికీ నేను తప్పుగానే అర్థమయ్యాను. నేను దేన్నీ దిద్దడం లేదు. దిద్దమంటే దిద్దనంటున్నాను.

గొడవేమిటో చెబుతాను. ఆదివారం చర్చిలో ఆంటీ జ్ఞాపకార్థ కూడిక ఉంది. ఆ రోజు పంచే చిన్న పుస్తకంలో ఈ రాత వస్తుంది. పైన ఆవిడ ఫోటో, ఫోటో కింద ఆవిడ చివరి మాట వేస్తారు. అది వాళ్ళ చర్చి ఆనవాయితీ. ఆ చివరి మాట ఆవిడ నాకే చెప్పారు, నేనే రాసుకున్నాను. అది సగంలో ఆగిపోయింది. మిగతా సగం నన్ను రాసెయ్యమంటున్నారు.

స్టెనో ఆంటీ అన్నది ఆవిడ పేరు కాదు. కానీ ఈ హిందీ రాష్ట్రంలో మా తెలుగువాళ్ళ బస్తీ ఖుర్సీపార్‌లో ఆ మాట చెబితే ఆటోవాడు తిన్నగా ఆవిడ వాకిట్లో దింపుతాడు. ఒక ప్రైవేటు ఫ్యాక్టరీ ఆఫీసులో స్టెనోగా చేసి రిటైరయ్యారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే “డిక్టేషన్ తీసుకోవడం ఆఫీసులో చాలదా?” అనేవారు. రిటైరయ్యాక వరండాలో బల్ల వేసుకుని వీధిలోవాళ్ళకి అర్జీలు, ఫిర్యాదులు, దేవుడు తమకి చేసిన మేలు చెబుతూ చర్చి పత్రికకి ఇచ్చే సాక్ష్యాలు రాసిపెట్టేవారు. జనం తెలుగులో చెప్పేవారు. ఆవిడ హిందీలో రాసి, మళ్ళీ తెలుగులో చదివి వినిపించేవారు. కళ్ళు మసకబారాక, చెప్పింది ముందు తెలుగులో రాసి తరవాత హిందీలోకి మార్చడానికి నన్ను కూర్చోబెట్టుకున్నారు.

నాకు తెలుగు రాయడం వచ్చింది ఆ బల్ల దగ్గరే. ఇక్కడ పుట్టిన మాకు హిందీకి తిరిగినట్టు తెలుగుకి నోరు తిరగదు. నేను తొమ్మిదిలో ఉండగా ఒకరోజు గోడ మీంచి పిలిచి “ఖాళీగా తిరుగుతున్నావు, వచ్చి రాయి.” అన్నారు. ఆఫీసు అలవాటు కొద్దీ గుర్తులన్నీ పైకి చెప్పేవారు. కొటేషన్ ఓపెన్, మా కుళాయికి నీళ్ళు రావడం లేదు, ఫుల్‌స్టాప్, కొటేషన్ క్లోజ్, అని ఆమె చెప్పింది, ఫుల్‌స్టాప్. మొదటి రోజు నేను ఆ ఫుల్‌స్టాపుల్ని కూడా అక్షరాలతో రాసేశాను. ఆవిడ నవ్వలేదు. “పర్లేదు. విన్నదే రాశావు. ఆ జబ్బు పోగొట్టుకోకు.” అన్నారు.

ఒకసారి చివరింటావిడ వచ్చింది. కుళాయి దగ్గర ఎదురింటామె తనని దొంగ అన్నదట, వీధి పెద్దలుండే మొహల్లా కమిటీకి ఫిర్యాదు రాయాలి. నేను “దొంగ!” అని రాశాను. ఆంటీ కళ్ళజోడు పైకి తోసి, కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ గుర్తు మీద వేలు ఆనించారు.

“ఇదెవరిది?”

“ఏది?”

“ఈ ఆశ్చర్యం. అన్నావిడదా, నీదా?”

చివరింటావిడ బుగ్గ మీద చెయ్యేసుకుంది. “అరవలేదు తల్లీ. మెల్లిగా అన్నాది. పక్కనోళ్ళకి ఇనపడనంత మెల్లిగా. నాకు కాలింది అందుకే కదేటి.”

“విన్నావా? ఆ గుర్తు నీది. తీసి ఇంటికి పట్టుకుపో.” అన్నారు ఆంటీ నాతో.

అదే ఆవిడ పద్ధతి. కొటేషన్ లోపల మనిషి మాట, బయట మన మాట. అడిగింది వాళ్ళయితే ప్రశ్న గుర్తు లోపల, మనమైతే బయట. ఫుల్‌స్టాప్ చుక్క దగ్గర మాత్రం మరీ మొండి. “చుక్క లోపల పెట్టావంటే ఆ మనిషి చెప్పాల్సింది అయిపోయిందని నువ్వు పూచీ పడినట్టు. మధ్యలో ఆపింది మనమైతే చుక్క మనది. బయటే ఉండాలి.” అనేవారు. కాలేజీలో చేరాక నేను అమెరికా అచ్చు పుస్తకం ఒకటి తెచ్చి, చూడండి, వీళ్ళు చుక్కని ఎప్పుడూ లోపలే పెడతారని వాదించాను. ఆవిడ రెండు పేజీలు తిప్పి చూశారు. “చూపుకి బాగుంటుందని పెట్టుకుంటారు కాబోలు. వాళ్ళకి చెల్లుతుంది. నా బల్ల దగ్గర కింద వేలిముద్ర వేసేది మనిషి.”

రాయడం అయ్యాక చదివి వినిపించేవారు. వినిపించి, “ఇంకేటైనా ఉందా?” అని అడిగేవారు. అడిగి ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం నాకు మహా చిరాకుగా ఉండేది. వచ్చినవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూంటారు, నా చేతిలో ఫోన్ మోగుతూంటుంది, ఆవిడ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. అవతలి మనిషి నోటితో “అంతే.” అంటే తప్ప కొటేషన్ మూయనిచ్చేవారు కాదు.

అలా ఒకరోజు ఒక ముసలాయన వచ్చాడు. రేషన్ కార్డులో భార్య పేరు తీయించాలి, ఆవిడ పోయి రెండు నెలలైంది. రెండు వాక్యాల అర్జీ. రాశాను, ఆంటీ చదివించారు. ఇంకేటైనా ఉందా అని అడిగారు. ఆయన లేదన్నట్టు తలాడించాడు. ఆవిడ ఊరుకున్నారు. వీధిలో కూరల బండి వచ్చి వెళ్ళింది. అప్పుడు ఆయన అన్నాడు, “పేరు తీసీమని నేననలేదమ్మా. ఆఫీసోళ్ళన్నారు. అదీ రాయండి.”

రాశాము. రేషన్ ఆఫీసులో ఆ వాక్యం ఎవరికి కావాలి? ఆయనకి కావాలి. చదివి వినిపిస్తే “అంతే.” అన్నాడు, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తరవాత నేను బల్ల దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళలేదు.

ఆవిడతో వేగడం తేలికని మాత్రం ఎవరూ అనుకోవద్దు. సుపేలా బజారులో చేపలబ్బాయి బోర్డు మీద ‘ఫ్రెష్’ అని కొటేషన్లలో రాయించుకుంటే, సంచీ పట్టుకుని నిలబడి “ఎవరన్నారు ఫ్రెష్ అని?” అని అడిగారు. అతను “మై బోల్ రహా హూఁ దీదీ, నేనే అంటన్నాను.” అన్నాడు. “అయితే కింద నీ పేరు రాయించు.” మేం చేపలు కొనకుండానే వచ్చేశాం. సాక్ష్యం చెప్పేవాళ్ళు దేవుడు నాతో అన్నాడు అంటే “ఏ మాటల్లో అన్నాడు?” అని కలం ఆపించేవారు. పాస్టరుగారు రెండుసార్లు చెప్పి చూసి వదిలేశారు. నేను చదువయ్యాక ఏడాదిన్నరలో మూడు ఉద్యోగాలు మానేస్తే, మా ఇంట్లోవాళ్ళు నాకు నిలకడ లేదన్నారు. ఆవిడ మాత్రం ఒక్కో ఉద్యోగం ఎందుకు మానేశానో అడిగి, చివరిదాకా విని, ఇంకేటైనా ఉందా అన్నారు. నా మాట పూర్తయ్యేదాకా ఆగిన మనిషి నాకు ఆవిడొక్కరే.

ఇక పిన్ని సంగతి. పిన్నంటే ఆంటీ సొంత చెల్లెలు. పిన్నితో చెప్పే ఇది రాస్తున్నాను, వీధిలో తెలియనివాళ్ళూ లేరు. పిన్ని భర్త ఆంటీ పనిచేసిన ఫ్యాక్టరీలోనే క్రేన్ నడిపేవాడు. ఒకరోజు క్రేన్ నుంచి బరువు జారిపడి ఒకాయన కాలు విరిగింది. విచారణలో అందరి స్టేట్‌మెంట్లూ రాసుకుంది ఆంటీయే. మరిది “హారన్ కొట్టానో లేదో గుర్తు లేదు.” అన్నాడు. ఆవిడ అదే రాశారు. సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చి, కొట్టాను అని ఒక్క మాట మార్చమని అడిగింది. ఆవిడ మార్చలేదు. అతని ఉద్యోగం పోయింది. వాళ్ళు సామాను సర్దుకుని విజయనగరం వైపు వెళ్ళిపోయారు. అప్పటికి నేనింకా బళ్ళో చేరలేదు. ఆ తరవాత పిన్ని అక్కతో మాట్లాడలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఆంటీ ఫోన్ చేసేవారు. రింగు పూర్తిగా అయ్యేదాకా చెవి దగ్గరే పెట్టుకుని, తరవాత కేకు కోసేవారు.

నేనొకసారి అడిగాను, ఒక్క మాటే కదా, రాసుంటే ఏమయ్యేదని.

“మరిదికి చదివి వినిపించాను. ఇంకేటైనా ఉందా అని అడిగాను. ఎంతసేపు ఆగానో నాకే తెలుసు. అంతే అన్నాడు.” కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ఆవిడే “చెల్లి నన్ను తిడితే బాగుణ్ణు. తిట్టను కూడా తిట్టలేదు.” అన్నారు.

పోయిన శుక్రవారం ఆస్పత్రిలో మధ్యాహ్నం మూడింటికి ఆంటీ కళ్ళు తెరిచారు. అమ్మ జావ పట్టి, గిన్నె కడగడానికి వెళ్ళింది. ఆవిడ రాయమన్నట్టు వేళ్ళు కదిపి చూపిస్తే, మందుల చీటీ వెనక్కి తిప్పి, పెన్ను తీశాను. గొంతు పీలగా ఉంది. మాట మాటకీ ఆగుతూ చెప్పారు. కొటేషన్ ఓపెన్. చెల్లికి చెప్పు. కామా. ఆ రోజు నేను.

అక్కడ ఆగారు. నేను రాసి, చదివి వినిపించి, “ఇంకేటైనా ఉందా ఆంటీ?” అని అడిగాను. అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, ఊరుకోవడం కూడా. ఆవిడ అరచెయ్యి కాస్త పైకెత్తారు. ఆగు అన్నట్టు. లేదు అన్నట్టు కాదు, నేను సరిగ్గా చూశాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. అమ్మ వచ్చింది, నర్సు వచ్చింది, సాయంత్రమైంది. శనివారం, ఆదివారం, సోమవారం నేను ఆ చీటీ పట్టుకుని అదే కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ ఇక మాట్లాడలేదు. ఫుల్‌స్టాప్ అనలేదు. కొటేషన్ మూయమనలేదు.

మంగళవారం పిన్నికి నేనే ఫోన్ చేశాను. అన్నేళ్ళూ ఆ ఇంటి నుంచి వెళ్ళిన ఫోన్ ఎత్తని మనిషి, ఈసారి మొదటి రింగుకే ఎత్తింది.

“అక్క ఏటన్నాది చివర?”

చదివాను. అటువైపు కుక్కర్ కూత వినపడింది, ఎవరో స్టవ్ కట్టేశారు.

“ఆ రోజు నేను... ఏటి?”

“తరవాత ఏమీ చెప్పలేదు పిన్నీ.”

“తప్పు చేసానని అనుంటాది. కదమ్మా? అదే కదా అనబోయింది?”

పిన్ని ఏడవడం లేదు, ఊపిరి మాత్రం గట్టిగా తీస్తోంది. “అలగని ఆ పుస్తకంలో ఎయ్యండి. మా ఆయన కళ్ళతో చూసుకుంటాడు. ఆదివారానికి ఇద్దరం ఒస్తాం. అది లేకపోతే అక్కడికొచ్చి నేనేటి మొహం పెట్టుకుని నిల్చోవాల?”

ఆ మాటలు ఫోన్ పక్కన నిలబడి అమ్మ విన్నది. అప్పట్నుంచీ వదలడం లేదు.

“రాసీవే. తప్పు చేసాను, రెండే రెండు ముక్కలు. ఆ సచ్చిపోయినావిడ లేచొచ్చి నిన్ను అడగతాదేటి?”

“ఆవిడ అనలేదమ్మా.”

“అనబోయింది కదా!”

“నీకెలా తెలుసు?”

“ఓలమ్మో, కోర్టులో వకీలు పుట్టింది నా కడుపున. అక్కచెల్లెళ్ళు కలుస్తారే. ఒకళ్ళు బతికుండగా కలవలేదు, ఇప్పుడైనా కలవనీ. నీకు మనసనేది ఉందేటి?”

ఉంది. అమ్మ కోరేది మంచికేనని నాకు తెలుసు. ఆ రెండు ముక్కలు రాస్తే ఆదివారం పిన్ని రైలు దిగుతుంది, సమాధి మీద పూలు పెడుతుంది, అమ్మ ఆమెను పట్టుకుని ఏడుస్తుంది, నేను మంచిదాన్నవుతాను. ఎన్నో ఏళ్ళుగా ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిగా తిరుగుతున్న పిన్ని భర్త ఒక అచ్చు కాగితం జేబులో పెట్టుకుంటాడు. ఇవన్నీ నేను లెక్కలోకి తీసుకోలేదని ఇంట్లో అనుకుంటున్నారు. మూడు రోజులుగా వేరే ఆలోచనే లేదు నాకు.

కానీ ఆ వాక్యం చివర ఎన్ని మాటలు పెట్టి చూశానో. ఆ రోజు నేను తప్పు చేశాను. ఆ రోజు నేను ఉన్నదే రాశాను. ఆ రోజు నేను నీ వెనక స్టేషన్ దాకా వచ్చాను. ఏది పెట్టినా ఆవిడ గొంతులోనే వినపడుతోంది. ఏది పెట్టినా పిన్ని జీవితం ఒక్కో వైపుకి తిరుగుతోంది. ఏది నిజమో చెప్పగల ఒక్క మనిషి అరచెయ్యి ఎత్తి నన్ను ఆగమన్నారు.

నిన్న సాయంత్రం పిన్నికి మళ్ళీ ఫోన్ చేసి, ఉన్నంతే వేయిస్తున్నానని చెప్పాను. ఇదంతా రాస్తున్నానని కూడా చెప్పాను. “నువ్వూ అక్కలాగే తయారయ్యేవు.” అంది. రాసుకోమంది. ఆదివారం వస్తుందో రాదో చెప్పకుండా పెట్టేసింది. నేను చాలాసేపు ఆంటీ వరండాలో కూర్చున్నాను. అర్జీ రాయించుకోవడానికి ఎవరో ఒకాయన వచ్చి, తాళం చూసి, నన్ను చూసి, వెళ్ళిపోయాడు.

పుస్తకం వేసేవాళ్ళు ఇవాళ సాయంత్రానికి ఇవ్వమన్నారు. ఫోటో కింద ఆవిడ అన్నంతవరకే రాసి ఇచ్చాను. మిగతాది నేను రాయను.