మలేషియా డిగ్రీ, మీనా సల్మాన్ ఇంగ్లీషు

ఆ రోజుల్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళంతా మేధావులని, రానివాణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక గోదాములో సామాను సర్దే పని నాది. సూపర్‌వైజర్ కావాలంటే డిగ్రీ ఉండాలన్నారు. మలేషియాలో ఏదో యూనివర్సిటీ గోదాముల నిర్వహణ మీద ఆన్‌లైన్ డిగ్రీ ఇస్తోందని తెలిసి చేరిపోయాను. అక్కడివాళ్ళకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే అయ్యుంటుంది, నన్నేం పట్టుకుంటారులే అనుకున్నాను (నా తెలివి అంత). తీరా చూస్తే పాఠాలు, పరీక్షలు అన్నీ ఇంగ్లీషులోనే. రాత పరీక్షలు బట్టీ కొట్టి గట్టెక్కాను. చివరికి వీడియోలో మౌఖిక పరీక్ష మిగిలింది. మా స్టోర్‌కీపర్ ఫిలిప్పీన్స్ వాడు, కాలేజీ చదువంతా ఇంగ్లీషులోనే చదివినవాడు. అతను పది ప్రశ్నలు ఊహించి, పదింటికీ జవాబులు రాసిచ్చాడు. వారం రోజులు వాటిని వరసగా వల్లించాను. నాతోపాటు గదిలో ఉండే మా బావ ఒకరోజు బాత్‌రూం తలుపు తట్టి, "ఏం బామ్మర్ది, దేవునికి మొక్కుతున్నవా, ఎవలనన్న తిడుతున్నవా?" అని అడిగాడు.

పరీక్ష శుక్రవారం పొద్దున. సెలవు రోజే అయినా, ఇంటర్నెట్ బాగుంటుందని గోదాము ఆఫీసులోనే కూర్చున్నాను. తెర మీద నెరిసిన జుట్టు మేడం కనిపించింది. వచ్చిన చిక్కల్లా ఆవిడ మా పదింటిలో మొదటి ప్రశ్న వదిలేసి రెండోది అడగడం. గోదాములో మంటలు లేస్తే ఏం చేస్తావంటే, మాది జగిత్యాల దగ్గర, నాకు ఇద్దరు చెల్లెళ్ళు అని అప్పజెప్పాను. సామాను పాడవకుండా ఎలా చూస్తావంటే, వెంటనే మంటలార్పే సిలిండరు తెస్తానన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్నే చూసింది. నాకు చెమటలు పట్టాయి. "సారీ మేడం, నో ఇంగ్లీష్" అన్నాను. ఖలాస్, మూడేళ్ళ చదువు పోయిందనుకున్నాను.

ఆవిడ నవ్వింది. బడిలో తన చదువంతా మలయ్ భాషలోనే సాగిందని, యూనివర్సిటీకి వచ్చాక ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక హాస్టల్లో ఏడ్చేదాన్నని, నాకు తెలిసేలా నెమ్మదిగా చెప్పింది. జవాబులు వద్దు, మీ గోదాము చూపించమంది.

ల్యాప్‌టాప్ ఎత్తుకుని ర్యాకుల మధ్య పరుగెత్తాను. "మేడం, హెవీ డౌన్. మెడిసిన్, ఏసీ రూం. ఫస్ట్ కమ్, ఫస్ట్ గో." అరగంట తిప్పాను. చివరికి ఆవిడే చాలంది. పాసయ్యానంటే మా బావ నమ్మలేదు. "ఆమెకు సుత ఇంగ్లిషు రాదా ఏంది?" అన్నాడు.

ఇప్పుడు సూపర్‌వైజర్‌ని. మీటింగుల్లో తడబడకుండా ఇంగ్లీషు మాట్లాడతాను, వినేవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. చెమటలు కక్కుతూ పరుగెత్తిన ఆనాటి మనిషి చెప్పిందైతే ఒకావిడ కళ్ళార్పకుండా వింది. వాడంటే నాకిప్పటికీ కొంచెం అసూయే.