కరెంట్ బీడీ ఆరిపోదు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజు మా సార్లు సంతోషం పట్టలేక పిల్లలందరికీ సెలవిచ్చారని గిట్టనివాళ్లు చెబుతారు. అది పచ్చి అబద్ధం. ఒక్క పూటే ఇచ్చారు.

అలాంటి నేను కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే డబ్బా పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పేరుకు ఫోన్ల దుకాణమే గానీ, వైరూ బ్యాటరీ ఉన్న వస్తువు ఏది చెడిపోయినా నా బల్ల మీదికే వస్తుంది. గడ్డం గీసే మిషన్లు, దోమల బ్యాట్లు, ఒకసారి చెవిటి మిషన్ కూడా. నేను చెప్పబోయేది కరోనా తగ్గి, మూతికి కట్టిన గుడ్డలు మెడ కిందికి జారిన ఏడాది సంగతి. విమానాలు మళ్లీ మొదలయ్యాయి. దుబాయి, షార్జా నుంచి సెలవు మీద వచ్చినవాళ్ల సంచుల్లో కొత్త వస్తువొకటి కనబడసాగింది. దాని పేరు వేప్. మావాళ్లు పెట్టిన పేరు కరెంట్ బీడీ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అందులో ఒక బ్యాటరీ ఉంటుంది. దాని మీద సన్నటి తీగ చుట్ట, దాన్ని కాయిల్ అంటారు. కాయిల్‌ను అంటుకుని ఉన్న దూదికి నికోటిన్ కలిపిన ద్రవం పడుతుంది. నోట పెట్టి పీలిస్తే కాయిల్ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. నిప్పు ఉండదు, బూడిద ఉండదు. మన దేశంలో దీని అమ్మకం నిషేధం. నేను ఒక్కటి కూడా అమ్మలేదు. ఆ మాట చెప్పుకుని తప్పించుకుందామని కాదు. అమ్మకుండా కూడా ఎంత చేటు చేయొచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక పొద్దున నర్సవ్వక్క దుకాణానికి వచ్చింది. మా వాడకట్టు మనిషే. తెల్లారి లేస్తే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. కొంగు ముడి విప్పి రెండు వస్తువులు బల్ల మీద పెట్టింది. ఒకటి ఇటుకంత ఉంది. రెండోది అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. ఒక్కోదానితో ఒక చిన్న సీసా.

"తమ్మీ, గీ రెండిట్ల మంచిదేదో జర చూడు. మా అల్లుడు షార్జా నుంచి పంపిండు."

"ఎవలికక్కా? బీడీలు చేసి చేసి ఇగ నువ్వే సురూ జేస్తున్నవా?"

"నీ నోట్ల మన్నువడ! మీ బావకు."

బావ అంటే రాజేశం, ఆమె భర్త. నాకు చుట్టరికం లేదు, వాడకట్టు వరస. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడు. దూది పొట్టు సగం, బీడీ సగం కలిసి ఊపిరితిత్తులను తినేశాయి. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడాల్సి వస్తుంటే పని వదిలేసి ఇంటికొచ్చాడు. జగిత్యాల డాక్టరు ఎక్స్‌రే చూసి, బీడీ ఇవాళ ఆపితే ఉన్న ఊపిరైనా మిగులుతుందని, ఆపకపోతే అదీ పోతుందని చెప్పాడట.

"ఒప్పుకున్నడా మరి?" అన్నాను.

"ఎన్నడు లేంది ఒప్పుకున్నడు. ఒక్కపారి చూస్త అన్నడు. గది గాకపోతే మళ్ల జిందగీల బీడీ ఇడువమని నన్ను అడుగద్దన్నడు. సరే అని మాటిచ్చిన." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గీ ఒక్కపారే తమ్మీ. మంచిగ చూసి చెప్పు."

మరునాడు ఆయనే వచ్చాడు. వచ్చి స్టూలు మీద కూర్చుని, ఊపిరి సర్దుకున్నాక గానీ మాట్లాడలేదు.

"ఏం బామ్మర్దీ, ఫోన్లు ఖరాబు చేసుడు అయిపోయిందా, మనుషుల మీద పడ్డవ్?"

"నిన్ను ఖరాబు చేసేటందుకు ఇంకేం మిగిలింది బావా," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు దగ్గుగా మారింది.

మీటరు తీసి రెండింటి కాయిళ్లు కొలిచాను. పెద్దదాని కాయిల్‌లో కరెంటుకు అడ్డు దాదాపు లేదు. అడ్డును ఓముల్లో కొలుస్తాం. ఓములు తక్కువైతే కరెంటు ఎక్కువ పారుతుంది, కాయిల్ మండిపోతుంది, పొగ గుప్పుమని నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. చిన్నదానికి ఒక ఓము పైనే ఉంది. కరెంటు కొంచెమే తింటుంది. బీడీలాగే బిగువుగా లాగాలి, ఆవిరి ముందు నోట్లోకి వచ్చి తర్వాత లోపలికి పోతుంది. దానికి మీట కూడా లేదు, పీలిస్తే చాలు, దానంతటదే అంటుకుంటుంది. కొసన ఒక ఎర్ర లైటు వెలుగుతుంది.

ఆయన కన్ను పెద్దదాని మీదే ఉంది. "గిదే ఇయ్యరాదు? లారీ లెక్క పొగ ఇడుస్తది."

"నీ ఊపిరికి లారీ ఎందుకు బావా, లూనా సాలు."

అక్కడిదాకా సరే. బీడీ తాగే మనిషికి తక్కువ కరెంటు మిషనే నప్పుతుందని ఇవాళ అడిగినా చెబుతాను. మిషన్ సరైనదే ఎంచాను. కాని దానితో పాటు ఒక మాట కూడా ఇచ్చాను.

"గిది చిన్న మంట. నీ ఇష్టమున్నన్ని సార్లు పీల్చుకో, ఏం గాదు."

సీసాల మీద అంకెలున్నాయి. పెద్దదాని సీసా మీద మూడు, చిన్నదాని సీసా మీద యాభై. అవి నికోటిన్ ఘాటు చెప్పే అంకెలు. నేను చూశాను కూడా. వాసన నంబర్లేమో అనుకున్నాను. చిన్న మిషన్ తక్కువ ఆవిరి ఇస్తుంది కాబట్టి దాని ద్రవాన్ని ఘాటుగా చేస్తారట. పది సార్లు లాగి జేబులో వేసుకునేవాళ్ల కోసం చేసిన లెక్క అది. నాకు తెలిసిన లెక్క ఒకటే, కరెంటు తక్కువైతే దెబ్బ తక్కువ. ఫోన్ల విషయంలో అది ఎన్నడూ తప్పు కాలేదు.

రాజేశం బావ దాన్ని దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. మొదటి రెండు రోజులు దుకాణం ముందు నుంచి పోతూ ఆఫీసరు కార్డు చూపించినట్టు ఎత్తి చూపించేవాడు. బీడీ ముట్టలేదు. నర్సవ్వక్క నాకు కుడుములు పంపింది. మూడో రోజు ఆయన మొహం పాలిపోయి ఉంది.

"నిద్ర పడ్తలేదు బామ్మర్దీ. గుండె దడదడ కొట్టుకుంటాంది."

"కొత్త పెండ్లాం అచ్చిందిగా మెడల. మొదట్ల గట్లనే ఉంటది," అన్నాను. దుకాణంలో ఉన్న ఇద్దరు నవ్వారు. ఆయన కూడా నవ్వి వెళ్లిపోయాడు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. చెడిపోయిన ఫోను తెచ్చినవాణ్ని ఎప్పటినుంచి, ఎట్లా అని పది ప్రశ్నలు అడిగేవాణ్ని. గుండె దడ అని చెప్పిన మనిషిని ఒక్కటీ అడగలేదు.

నాలుగో రోజు నర్సవ్వక్క ఫోను. వెనక ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు. "తమ్మీ, జల్ది రా. మీ బావ ఒళ్లంత సల్లగయ్యింది. కాళ్లు చేతులు వణుకుతున్నయ్."

నేను వెళ్లేసరికి బీడీలు చుట్టే తునికాకు కట్టల మధ్య పక్కకు ఒరిగి ఉన్నాడు. చొక్కా చెమటతో అంటుకుపోయింది. మెడలో ఆ మిషన్ అట్లాగే ఉంది. ఆటోలో వేసుకుని జగిత్యాల తీసుకుపోయాం. దారి పొడుగునా ఆయన చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది. నాకు ఒక్క జోకు కూడా గుర్తుకు రాలేదు.

డాక్టరు ఏం తీసుకున్నాడని అడిగితే మిషనూ సీసా చూపించాను. ఆయన సీసాను వెలుతురుకు పెట్టి చూశాడు. సగం ఖాళీ. నెల రోజులకని అల్లుడు పంపిన సీసా.

"యాభై ఘాటున్న ద్రవం. రోజుకు ఎన్నిసార్లు పీలుస్తున్నడు?"

నేను నర్సవ్వక్క వైపు చూశాను.

"లెక్కెక్కడిది సారూ," అందామె. "పొద్దున నోట్ల పెడితే మళ్ల పండేటప్పుడే తీస్తడు."

నికోటిన్ ఎక్కువైంది అన్నాడు డాక్టరు. ఒక రోజు ఉంచుకుంటామన్నాడు. ప్రాణభయం లేదన్నాడు.

సాయంత్రానికి ఆయన తేరుకున్నాడు. మంచం పక్కన కూర్చుని అడిగాను. "గట్ల ఒక్కతీరుగ ఎందుకు పీల్చినవ్ బావా?"

"పీల్చకపోతే ఆరిపోదా?"

"ఏమారిపోతది?"

"నిప్పు. పీలుస్తుంటే ఎర్రగుంటది, జర ఆగంగనే ఆరిపోవట్టె. ఆరనియ్యద్దని గుంజుకుంటనే ఉన్న."

ఆయన నిప్పు అనుకున్నది కొసనున్న ఎర్ర లైటును.

సిగరెట్టు దానంతటదే కాలుతుంది. బీడీ అట్లా కాదు. ఆకుకు తేమ ఉంటుంది, లాగడం ఆపితే ఆరిపోతుంది. సాంచా మీద పోగు తెగితే రెండు చేతులతో అతకాలి. మళ్లీ మళ్లీ అగ్గిపుల్ల గీయడానికి తీరదు. కాబట్టి బీడీని పెదవి మూలన పెట్టుకుని, చెయ్యి తగలకుండా, రెండు మూడు క్షణాలకొకసారి లాగుతూ బతికించుకుంటారు. ముప్పై ఏళ్లు అట్లా తాగిన మనిషి. ఇంట్లో కూడా రెండు చేతులతో తునికాకు కత్తిరిస్తూ అదే పద్ధతిలో లాగాడు. కాకపోతే బీడీ వేలెడే. అది అయిపోయాక ఇంకోటి తీసేదాకా ఒంటికి కాస్త విరామం. నా లూనాకు అయిపోవడమంటూ లేదు.

డాక్టరు మంచిమాటే చెప్పాడు. బీడీ మానడానికి మందులున్నాయి, నమిలే గోళీలున్నాయి, వారానికోసారి వచ్చి కనబడు అన్నాడు. రాజేశం బావ తల ఊపాడు. ఇంటికొచ్చిన రోజే బీడీ అంటించాడు.

నేను వెళ్లి బతిమాలాను. "తప్పు నాది బావా. ఘాటు తక్కువది ఉంటది. లేకపోతే గోళీలు నములు. నేనే జగిత్యాల తీస్కపోత."

ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను చంపింది. "నలభై ఏండ్ల సంది తాగుతున్న. బీడీ నన్ను ఒక్కనాడన్న దవాఖాన్ల పండవెట్టిందా? ఇడుస్తనంటెనే గదా గింత పని జరిగింది. ఒక్కపారి చూస్తనన్న, చూసిన. అయిపాయె."

 నర్సవ్వక్క మాటిచ్చింది కాబట్టి మళ్లీ ఎన్నడూ మానమని అడగలేదు. సిరిసిల్లలో ఆయనతో సాంచాలు నడిపినవాళ్లకు సంగతి తెలిసింది. ఫోను బాగుకు వచ్చిన ఒకాయన నాతోనే అన్నాడు, బీడీ మానితే రాజేశం లెక్క అవుతదట కదా అని. తప్పు అని చెప్పబోయాను. ఆ మిషన్ ఎంచి ఇచ్చినవాణ్ని నేనే, నా మాట ఎవరు నమ్ముతారు?

ఆ చలికాలం మధ్యలో ఇంటికి ఆక్సిజన్ సిలిండరు వచ్చింది. ఒకసారి చూడ్డానికి వెళితే, గొట్టం ముక్కు నుంచి కాస్త పక్కకు జరిపి, "ఏం బామ్మర్దీ, గిదెన్ని వాట్లు?" అని అడిగాడు.  మాటకు మాట పంతంలో జీవితంలో ఆయన నా మీద గెలిచింది అదొక్కసారే. చలి వెళ్లకముందే ఆయన వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. కరెంట్ బీడీ పట్టుకుని ఎవరొచ్చినా ముందు మీటరు తీయను. పొగ అలవాటు లేనివాడైతే తిట్టి పంపిస్తాను. అలవాటున్నవాడికి డాక్టరు దగ్గరికి పొమ్మనే మొదట చెబుతాను. పోడని తెలిస్తే ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకుపోయి చాయ్ చెప్పి, ఏం తాగుతావో అంటించమంటాను. ఎన్ని క్షణాలకొకసారి లాగుతున్నాడు, పెదవి మీద వదిలేస్తున్నాడా, వేళ్ల మధ్య పట్టుకుని మాటల్లో పడి మరిచిపోతున్నాడా చూస్తాను. ఆ తర్వాతే సీసా మీద అంకె, ఆ తర్వాతే ఓములు. ఆపకుండా లాగేవాడికి కరెంటు తక్కువున్న మిషనొక్కటే సరిపోదు, ఘాటు కూడా బాగా తగ్గాలి. మెడలో వేలాడేయొద్దని, ఇంకో గదిలో పెట్టుకొమ్మని చెబుతాను. మిషన్ గురించి తెలుసుకోవడం సులువు, అది అబద్ధమాడదు, కొలిస్తే చెప్పేస్తుంది. మనిషిని కొలవాలంటే పక్కన కూర్చోవాలి. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక మనిషి ఖర్చయ్యాడు.

మొన్న నర్సవ్వక్క ఇంటి ముందు నుంచి పోతూ ఆగాను. ఒళ్లో చాట, చేతిలో ఆకు. పలకరించడానికి ఏమీ తోచక ఇదంతా ఆమెకు చెప్పాను. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు చాయ్ తాగిస్తానని, ఎట్లా పీలుస్తున్నాడో కళ్లతో చూశాకే నోరు విప్పుతానని. కొంచెం గర్వంగానే చెప్పి ఉంటాను.

ఆమె తల ఎత్తలేదు. బీడీకి దారం చుట్టి, పంటితో తెంపి, చాటలో పడేసింది.

"గా చాయేదో అప్పుడు మా ఇంటికచ్చి తాగిపోకపోతివి, తమ్మీ."