హాల్‌టికెట్ పిల్ల

మొయినాబాద్ దాటాక, ఒక ఫామ్‌హౌస్ గేటు ముందు పదిహేనేళ్ల పిల్ల చెయ్యెత్తి చేవెళ్ల బస్సాపింది. కాళ్లకు చెప్పుల్లేవు. ఎక్కగానే, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టడానికి కండక్టరమ్మ ఆధార్ అడిగింది.

"మా సారు బీరువల పెట్టి తాళమేసిండు. పని ఇడిసి పోనియ్యడక్కా." నలిగిన పదో తరగతి హాల్‌టికెట్ తీసి చూపించింది. "ఇయ్యాల పరీక్ష."

బస్సు కదిలింది. వెనక ఆ గేట్లోంచి వచ్చిన కారు హారన్ కొడుతూ తరుముకొస్తోంది. డ్రైవర్ వేగం తగ్గించాడు. బస్సులో ఖాళీగా ఉన్నది నా పక్క సీటొక్కటే. దాని మీద నా సంచి ఉంది. ఆ కారువాళ్లు ఎక్కితే నేనే దాచాననుకుంటారని దాన్ని తీయలేదు.

కండక్టరమ్మ హాల్‌టికెట్‌లో ఫోటో చూసి, పిల్ల ముఖం చూసింది. "నా సీట్ల కూసో బిడ్డా," అని ముందుకు తిరిగి, "చేవెళ్ల దాంక ఆపకన్నా," అంది.

ఇప్పుడు ఆ దారిన వెళ్లిన ప్రతిసారీ, ఆ గేటు రాకముందే సంచి ఒళ్లోకి తీసుకుంటాను. ఎవరూ ఎక్కరు.