మా అత్తగారి గుడ్ ఫ్రైడే బూరెలు

ఈస్టర్ ఇంకో వారం ఉందనగా మా అత్తగారు పోయారు. పొద్దున్న కాఫీ తాగి, దొడ్లో మొక్కలకి నీళ్లు పోసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు. మళ్లీ లేవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "మారాణిలా వెళ్లిపోయేరండీ" అని. ఎంత మారాణికైనా మా అత్తగారికున్నంత గుండె ఉంటుందని నేననుకోను.

నేను పుట్టింది రాజోలు దగ్గర ఒక క్రైస్తవ కుటుంబంలో. ప్రేమించి పెళ్లి చేసుకుని, మామిడికుదురు పక్కనున్న ఈ హిందువుల ఇంటికి వచ్చాను. మా అమ్మ నా మొహం చూడనంది. ఇక్కడ మా అత్తగారు మొహమైతే చూసేవారు కానీ మాట్లాడేవారు కాదు. పని పడితే గోడకి చెప్పినట్టు చెప్పేవారు. "అన్నం ఉడికినట్టుంది, ఎవరైనా దింపితే బాగుణ్ణు" అని. ఆ వేళప్పుడు ఇంట్లో ఉన్నది మేమిద్దరమే!

అలా కొన్ని నెలలు గడిచాక గుడ్ ఫ్రైడే వచ్చింది. నేను ఉపవాసం ఉండి, తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని ఆరాధనకి బయల్దేరుతున్నాను. మా అత్తగారు వంటింట్లోంచి పళ్లెం నిండా పూర్ణం బూరెలతో వచ్చి ఎదురుగా నిలబడ్డారు. అప్పటికే సగం వాయి వీధిలో పంచేశారట, మా కోడలి పండగని చెప్పి.

"పండగ పూట ఆ తెల్లచీరేంటమ్మా, పసుపుకుంకాలతో ఉన్న పిల్లవి! మార్చుకుని రా, వేడివేడిగా రెండు తిందువుగాని" అన్నారు. పెళ్లయ్యాక ఆవిడ నాతో సూటిగా మాట్లాడిన మొదటి మాటలవి.

"పండగ కాదండీ అత్తయ్యగారూ. ఆయన్ని సిలువేసిన రోజండి" అన్నాను మెల్లగా.

ఆవిడ మొహం పాలిపోయింది. "అయ్యయ్యో! బళ్లకీ బ్యాంకులకీ సెలవిచ్చేరని పండగే అనుకున్నానే! చావు రోజున వీధంతా బూరెలు పంచేనా?" అంటూ పీట మీద కూలబడ్డారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. కాసేపటికి ఆవిడే అడిగారు, "ఆయనకి తల్లి ఉందా?"

"ఆయ్, ఉందండి. సిలువ దగ్గరే నిలబడి చూసిందండి."

"కళ్లారా చూసిందా!" అన్నారు. ఆ రోజు ఆవిడా ముద్ద ముట్టలేదు.

సాయంత్రం నేను తిరిగొచ్చాక మళ్లీ అడిగారు, మరి అసలు పండగెప్పుడని. ఆదివారమని, తెల్లవారకముందే సమాధుల తోటకి వెళ్లి, మనవాళ్ల సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, ఆయన లేచాడని పాడుకుంటామని చెప్పాను. మా నాన్న సమాధి అక్కడే ఉందని, కానీ అమ్మ ఉంటుంది కాబట్టి నేను వెళ్లలేనని కూడా చెప్పేశాను.

ఆదివారం నన్ను లేపింది ఆవిడే. బుట్ట నిండా నందివర్ధనాలు కోసి, ఆటో పిలిపించి ఉంచారు. మా వీధి ఆడవాళ్లు శ్మశానం ఛాయలకైనా వెళ్లరు. ఆవిడ నాతో వచ్చి, తోట గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "తండ్రి దగ్గరికెళ్లడానికి ఒకళ్ల సెలవేంటి? నడు" అన్నారు.

మమ్మల్ని చూసి అమ్మ మొహం తిప్పుకుంది. అత్తగారు తిన్నగా వెళ్లి బుట్ట ఆమె ముందు పెట్టారు. "వదినగారూ, మా దొడ్లో పూలండి. ఇక్కడి పద్ధతి నాకు తెలీదు. మీరే పెట్టండి" అన్నారు. అమ్మ చాలాసేపు కదల్లేదు. తర్వాత వంగి దోసెడు పూలు తీసుకుంది. నాతో మాత్రం మాట్లాడలేదు. అయినా నేను మా నాన్నకి కొవ్వొత్తి వెలిగించుకున్నాను. ఆ ఏడు నాకది చాలు.

ఆ తర్వాత ఏటా వెళ్లాం. అమ్మ మాటలు ఒక్కొక్కటిగా కలిపింది. మా అత్తగారు తోట నుంచి రాగానే దొడ్లో తలస్నానం చేసి, తులసికోటకి నీళ్లు పోసి, అప్పుడు ఇంట్లో అడుగుపెట్టేవారు. ఎవరైనా వేళాకోళం చేస్తే, "నా పద్ధతి నాది, దాని పద్ధతి దానిది. రెండూ ఒకింట్లో ఇమడవా ఏంటి?" అనేవారు. ఈస్టర్ ముందు నా నలభై రోజుల ఉపవాసాల్లో ఇంట్లోకి చేప రానిచ్చేవారు కాదు. మావయ్యగారు సణిగితే, "పిల్ల మానేస్తే మనం వాసన చూపించి ఏడిపిస్తామా?" అని నోరు మూయించేవారు. ఆవిడ బొట్టు తుడుచుకోలేదు, నన్ను పెట్టుకోమనలేదు. అలాంటి ఇంటికి కోడలినని చెప్పుకోవడం నాకు గర్వం. ఎక్కడైనా చెబుతాను.

ఈసారి ఈస్టర్ మైల రోజుల్లో పడింది. కర్మ చేస్తున్న మా ఆయన గడప దాటకూడదు. నేనూ ఊరుకుందామనుకున్నాను. తెల్లవారుజామున మావయ్యగారు వచ్చి, "మీ అత్తయ్యుంటే ఈపాటికి ఆటో ఎక్కించేసేది. వెళ్లిరామ్మా" అన్నారు.

సమాధుల తోటలో ఆరాధన చివర్న, ఆ ఏడు ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు లేచి ఆ మనిషి పేరు చెబితే, అందరూ నిలబడి ఒక చరణం పాడతారు. మా అత్తగారికి అక్కడ సమాధి లేదు. ఆవిడ మా చర్చి సంఘం మనిషీ కాదు. లేవనా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, పక్కనుంచి అమ్మ లేచింది. మా అత్తగారి పేరు గట్టిగా చెప్పింది.

"ఏ సంఘమండీ?" అన్నారు వెనకనుంచి ఒక పెద్దాయన.

"మా వియ్యపురాలండి" అంది అమ్మ.

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. తోటలో ఉన్నవాళ్లంతా లేచారు. కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ సమాధుల మీద పడుతోంది. పాట అయిపోయి అందరూ కూర్చున్నారు, మా అమ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది.