రేపల్లె బండి ఆట అడిగింది

నా కళ్ళజోడు మీద ఒట్టేసి చెబుతున్నాను. అది లేకపోతే కంచంలో అన్నం ఎటుందో కూడా నాకు కనపడదు, కాబట్టి ఇది ఉత్తుత్తి ఒట్టు కాదండి. ఇది జరిగింది. నాకే జరిగింది. మొన్న వానల్లో... బాపట్లలో.

నేను కోతలు కోస్తానని తెనాలిలో తెలియనివాళ్ళు లేరు. అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. మీరైనా నవ్వకుండా వినండి.

ముందు ఆట సంగతి చెప్పాలి.

కంప్యూటర్లో బొమ్మలు లేని రోజులవి. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అంతే. నేనూ సాంబడూ తెనాలిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాళ్ళం. ఎవరో హైదరాబాద్ నుంచి ఫ్లాపీలో ఒక ఇంగ్లీషు ఆట తెచ్చిచ్చారు. మాటలతో ఆడే ఆట. 'నువ్వు గుహ ముందున్నావు' అంటుంది. 'లోపలికి' అని కొట్టాలి. 'చీకటిగా ఉంది' అంటుంది. 'దీపం వెలిగించు' అని కొట్టాలి. బొమ్మంతా మన బుర్రలోనే. సాయంత్రం స్టూడెంట్లు వెళ్ళిపోయాక మేమిద్దరం ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని ఆ గుహలో తిరిగేవాళ్ళం.

ఒకరోజు సాంబడన్నాడు. "మనకీ గుహలెందుకు బావా? మన రేపల్లె బండి లేదూ?"

వాడిది రేపల్లె. రోజూ ఆ బండిలోనే వచ్చి పోయేవాడు. నన్ను బావా అనేవాడు గానీ చుట్టరికమేమీ లేదు.

అలా పుట్టింది మా రేపల్లె బండి ఆట. ప్రపంచంలోనే మొట్టమొదటి తెలుగు కంప్యూటర్ ఆట! ...సరే, ప్రపంచం సంగతి నాకేం తెలుసు. మా బజార్లో మొదటిది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాలి, ఇప్పుడు మీరు ఫోన్లో కొడతారే, అలాగ. తెనాలి స్టేషన్లో మొదలు. వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగాలి. పక్కావిడ బుట్టలోంచి కోడి తప్పించుకుంటుంది, దాన్ని పట్టివ్వకపోతే ఆవిడ మిమ్మల్ని దిగనివ్వదు. అక్కణ్ణుంచి పెనుమూడి రేవుకెళ్ళి ఆఖరి పడవ అందుకోవాలి. అప్పటికి కృష్ణ మీద అక్కడ వంతెన లేదుగా.

ఆట చాలించడానికి ఒక పద్ధతి పెట్టాం. ఇంగ్లీషు ఆట ఒక్క మాట కొడితే టక్కున ఆగిపోయేది. సాంబడికది నచ్చలేదు. "గడప దాటేవాడు ఎవడైనా 'పోతాను' అంటాడా? ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా?" అన్నాడు. అందుకని 'పోతాను' అన్నా, 'వెళ్తాను' అన్నా మా ఆట కదలదు. 'అలా అనకూడదండి' అంటుంది. 'వెళ్ళొస్తాను' అని కొట్టాలి. అప్పుడు 'మంచిదండి, జాగ్రత్త' అని చెప్పి తెర ఖాళీ చేస్తుంది. ఆ ముక్క రాసింది నేను. ఇది గుర్తుపెట్టుకోండి... ఆ ముక్క నేనే రాశాను.

తర్వాత బొమ్మల ఆటలొచ్చాయి. సెంటర్ మూతపడింది. సాంబడు బాపట్లలో డీటీపీ షాపు పెట్టాడు. పెళ్ళి కార్డులు, జిరాక్సులు. కంప్యూటర్ మార్చినప్పుడల్లా మా ఆటని కొత్తదాంట్లోకి ఎక్కించేవాడు. నేనెప్పుడు వెళ్ళినా వాడు టీ తెప్పించేవాడు, నేను రేవు దాకా ప్రయాణం చేసేవాణ్ణి. ఆ ఆట ఆడేవాళ్ళం చివరికి ఇద్దరమే మిగిలాం.

ఈ వానలకి ముందు నేనొక్కణ్ణే మిగిలాను.

వాడు పోయిన రోజుకి నాకు కంటి ఆపరేషనై కట్టుంది. కదలొద్దన్నారు. కట్టు విప్పేసరికి అంతా అయిపోయింది. వాడి మొహం చూడలేదు. ఒక్క మాట చెప్పలేదు.

అప్పుడు వాడి కూతురు లలిత ఫోన్ చేసింది. వాడికి బావనైనా ఈ పిల్లకి బాబాయినే.

"బాబాయ్, షాపు ఖాళీ చేస్తున్నాం. రేపు పాత సామాన్ల అతను వస్తాడు. కంప్యూటర్ కూడా ఇచ్చేస్తున్నాను. మీ ఆటేదో ఉండాలిగా అందులో?"

"ఉందమ్మా. ఇప్పుడే బయల్దేరుతున్నా."

చెప్పాల్సిన మాట ఇక అక్కడే చెప్పాలి. రేపటికి ఆ చోటు కూడా ఉండదు.

బాపట్లలో దిగేసరికి చీకటి పడింది. లలిత తాళాలిచ్చింది. పొట్లంలో ఇడ్లీలు పెట్టింది.

"పడుకోడానికి ఇంటికొచ్చెయ్ బాబాయ్. ఒక్కడివే ఇక్కడెందుకు, భయం వెయ్యదూ?"

"మీ నాన్నకి నేనెప్పుడు భయపడ్డానే?"

ఆ పిల్ల నవ్వి వెళ్ళిపోయింది. షట్టరు సగం దించాను. వాన మొదలైంది... ఉన్నట్టుండి కరెంటు పోయింది. వీధి వీధంతా కుక్కలు ఏడుపు లంకించుకున్నాయి. ఆ చీకట్లో... నేను ముట్టుకోకుండానే... కంప్యూటర్ దానంతటదే వెలిగింది!

ఆగండాగండి. కరెంటు పోతే కంప్యూటర్ ఎలా వెలుగుతుంది? ఇది నేను ముందే ఆలోచించుకోవాల్సింది. కరెంటు పోలేదు. కుక్కలూ ఏడవలేదు. షట్టరు కింద ఒకే కుక్క ఉంది, అది తడవకుండా పడుకుని గురక పెడుతోంది. స్విచ్చి నేనే వేశాను. అవన్నీ తీసేయండి. మిగిలింది చెబుతాను.

'మీరు తెనాలి స్టేషన్లో ఉన్నారండి. చేతిలో గొడుగు ఉంది.'

'ఎక్కు' అని కొట్టాను. బండి కదిలింది. వేమూరు. కోడి తప్పించుకుంది. సీటు కింద వెతికి పట్టిచ్చాను. ఖాళీ షాపులో నా వేళ్ళ చప్పుడే నాకు పెద్దగా వినపడుతోంది. టక్... టక్... భట్టిప్రోలు దగ్గర నడుం నొప్పెట్టి చూసుకుంటే, నేను కుర్చీలో సగమే కూర్చునున్నాను. రెండో సగం వదిలేసి. ఎవరు చెప్పారు నాకు వదలమని? సర్దుకుని మధ్యలోకి జరుగుదామనుకున్నాను... జరగలేదు.

రేపల్లె. పెనుమూడి రేవు.

'ఆఖరి పడవ సిద్ధంగా ఉందండి. ఎక్కుతారా?'

ఎక్కలేదు. ఊరికే, వాడి చేత తిట్టించుకోవాలనిపించి, 'పోతాను' అని కొట్టాను.

'అలా అనకూడదండి.'

నవ్వొచ్చింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సొచ్చింది. సరే సాంబా, అనుకున్నాను. ఇదిగో... చెబుతున్నాను. ఒక్కో అక్షరమే కొట్టాను. వె... ళ్ళొ... స్తా... ను.

ఎంటర్ నొక్కాను.

తెర ఖాళీ కాలేదు.

'మంచిదండి' రాలేదు. 'జాగ్రత్త' రాలేదు. కర్సర్ వెలుగుతోంది... ఆరుతోంది... వెలుగుతోంది... పైన ఫ్యాను కిర్రుమంది. వాన పలచబడింది. కుక్క గురక ఆగింది. మెషీన్ చెడిపోయిందనుకున్నాను.

అప్పుడు ఒక అక్షరం వచ్చింది. కాస్త ఆగి... ఇంకోటి. ఒంటి వేలితో ఎవరో వెతుక్కుంటూ కొడుతున్నట్టు. సాంబడు ఒంటి వేలితోనే కొట్టేవాడు.

'ఎప్పుడు బావా?'

నా చేతులు ఒళ్ళో పెట్టేసుకున్నాను. కుర్చీ రెండో సగం వైపు చూడలేదు. చూడలేదండి... మెడ తిరగలేదు.

తెల్లవారి లలిత షట్టరు ఎత్తిన చప్పుడుకి కళ్ళు తెరిచాను. తెర నల్లగా ఉంది.

"ఏంటి బాబాయ్, రాత్రంతా కుర్చీలోనేనా? ఇది ఆఫ్ చెయ్యలేదేంటి?" అంటూ, నేను వద్దనేలోపే గోడ దగ్గర స్విచ్చి కట్టేసింది.

"నాన్న ఈ ఆటలో ఏమన్నా మార్చాడామ్మా?"

"ఏమో బాబాయ్. చివర్లో వేళ్ళు వణికేవిగా, పనంతా నేనే చేసేదాన్ని. కానీ షాపు మూసేముందు రోజూ దీని ముందు కాసేపు కూర్చునేవాడు. ఏంటి నాన్నా అంటే, బావ వస్తాడే అనేవాడు."

ఇప్పుడు ఇంకోటి ఒప్పుకోవాలి. తెర మీద 'బావా' అని లేదు. అది నేను కలిపాను. చెప్పేటప్పుడు బావుంటుందని. అక్షరాలు ఒక్కొక్కటిగా రావడం కూడా... ఏమో, నా కొత్త కంటికి అలా కనపడిందేమో. అదీ తీసేయండి.

'ఎప్పుడు?' మాత్రం ఉంది. మనసులో చెప్పుకునేటప్పుడు దాన్నీ తీసేద్దామని చాలాసార్లు చూశాను. అది పోదు. సాంబడే ఎప్పుడో రాసిపెట్టాడా? లేక... నాకు తెలీదు.

పాత సామాన్ల అతనికి దాన్ని ఇవ్వనివ్వలేదు. పాసింజర్లో ఒళ్ళో పెట్టుకుని తెనాలి తెచ్చుకున్నాను. నా గదిలో బల్ల మీద, తువ్వాలు కప్పి ఉంది. మళ్ళీ ఆన్ చేస్తే తేలిపోతుంది కదా అంటారు. నిజమే. ఆ మాట ఉంటే ఏం చెప్పాలో తెలీదు. లేకపోతే... దానికే నాకు ఎక్కువ భయం.

కూరలకి బయల్దేరినప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, ఆ తువ్వాలు వైపు తిరిగి చెబుతున్నాను. వెళ్ళొస్తానురా అని. ఎప్పుడొస్తానో కూడా చెబుతున్నాను.

అది అడగకముందే.