ఎవరి చెంచా పడని డబ్బా

పార్శిళ్ల గోదాములో ఆ అమ్మాయిని అందరూ గుర్రం అంటారు. మూటలెత్తుకుని మెట్లన్నీ పరుగున ఎక్కేస్తుంది. పొయ్యి మీద వండినవీ, పాలూ పెరుగూ మానేసి అన్నీ పచ్చివే తినడం మొదలుపెట్టాక ఒళ్లు ఇంకా తేలికపడింది. కష్టమల్లా మధ్యాహ్నం భోజనం దగ్గరే.

అక్కడ అందరి డబ్బాలూ ఒక అట్టపెట్టె మూత మీద కలిపి పెట్టుకుంటారు. ఎవరి చెంచా అయినా ఎవరి డబ్బాలోకైనా వెళ్తుంది. ఇప్పుడు ఆమె వాళ్ల కూరలు ముట్టదు, వాళ్లు ఆమె డబ్బా వైపు చూడరు. అందుకే ఇవాళ పొద్దున్నే లేచి క్యారెట్, కొబ్బరి తురిమి, నానిన పల్లీలు కలిపి నలుగురికి సరిపడా తెచ్చింది.

"గుర్రానికి దాణా వచ్చింది, జరగండి," అన్నాడు వ్యాను డ్రైవరు. ఆమె కూడా నవ్వింది.

"మీరూ వేసుకోండి," అంటూ డబ్బాను మధ్యకు జరిపింది.

"వద్దులే తల్లీ, నీకే చాలదు. అంతంత బరువులు మోస్తావు," అంది తూకం చూసే పిన్ని.

"ఎక్కువే తెచ్చాను పిన్నీ."

పిన్ని ఒక చెంచా నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. "బాగుందమ్మా," అని నీళ్లు తాగి, డబ్బాను మళ్లీ ఆమె ముందుకే మెల్లగా జరిపింది.

పచ్చివి నమలడం తొందరగా తెమిలే పని కాదు. మిగతావాళ్లు తినేసి, కబుర్లాడుకుంటూ డబ్బాలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరకు వెళ్లారు. ఆమె నలుగురి తిండినీ ఒక్కతే నములుతూ కూర్చుంది.